పటంలోని కడలి: పందొమ్మిదో శతాబ్దపు నకాషీ చిత్రాలలో వెలుగు, రంగు, రసం

వ్యాససంగ్రహం

తెలంగాణ కులపురాణ పటాలను చిత్రించిన నకాషీ కళాకారులు సముద్రతీరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉండి సముద్రాన్ని చిత్రించారు. ఆ సముద్రంలో దిగంతరేఖ లేదు, నీడ లేదు, ఒక దిక్కు నుంచి పడే వెలుగు లేదు. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా సముద్రచిత్రాల ప్రమాణంతో చూసినవారికి ఇది లోపంగా కనిపిస్తుంది. ఈ చిత్రాలలో వెలుగు పటం లోపల కాక పటం ముందు, కథకుని దీపంలో ఉందనీ, సముద్రపు రూపం చెరువు నుంచి వచ్చిందనీ, రసం రంగూ గొంతూ కలిసినప్పుడే నిష్పన్నమవుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉదాహరణగా పద్మశాలీల మార్కండేయ పురాణ పటాన్ని తీసుకుంటుంది.

కీలక పదాలు: నకాషీ, చేర్యాల పటం, కూనపులి, మార్కండేయ పురాణం, క్షీరసాగరం, చిత్రసూత్రం, వర్ణం, రసం.

1. ప్రవేశిక

జానపద సాహిత్య పరిశోధనలో కులపురాణాలకు సుస్థిరమైన స్థానం ఉంది. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, గౌడజెట్టివారు గౌడులకు గౌడ పురాణాన్ని, పటంవారు రజకులకు మడేలు పురాణాన్ని, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణాన్ని, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను వినిపించారు. వీటి పాఠాలను సేకరించిన పరిశోధకులు కథాంశాన్ని, భాషను, ఆశ్రిత కులాల జీవనాన్ని వివరంగా చర్చించారు. పటం మాత్రం ఆ చర్చల్లో చాలాచోట్ల ఒక ప్రదర్శన సామగ్రిగా, పరికరాల జాబితాలో ఒక పేరుగా మిగిలిపోయింది. మరోవైపు కళాచరిత్రకారులు పటాలను రేఖ, వర్ణం, శైలి దృష్టితో పరిశీలించారు. జగదీశ్ మిత్తల్ సేకరణ, కీర్తన తంగవేలు పరిశోధన ఈ దిశలో ముఖ్యమైనవి. అయితే తెలుగు శాఖల్లో పాఠం చదివేవారికీ, కళాశాఖల్లో చిత్రం చూసేవారికీ మధ్య సంభాషణ తక్కువగానే సాగింది.

ఈ విభజన వల్ల ఒక చిన్న ప్రశ్న ఎవరికీ చెందకుండా పోయింది. సముద్రాన్ని ఎప్పుడూ చూడనవసరం లేని నేలపై ఉన్న చిత్రకారుడు సముద్రాన్ని ఎలా వేశాడు? దానికి ఏ వెలుగు ఇచ్చాడు? చూసేవారిలో ఏ భావాన్ని ఆశించాడు? ప్రశ్న చిన్నదే అయినా దీని సమాధానం మీద పటాన్ని ఎలా చదవాలన్న పెద్ద విషయం ఆధారపడి ఉంది.

పరిధి గురించి ఒక మాట. నకాషీ చిత్రకళకు పేరు తెచ్చిన చేర్యాల 2016 వరకు వరంగల్ జిల్లాలో భాగం. ఆ ఏడాది అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో చేర్యాల సిద్దిపేట జిల్లాలో చేరింది. పాత వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. పరిపాలనా రేఖలు మారినా సాంస్కృతికంగా చేర్యాల జనగామ పరిసరానికి చెందిన ఊరే. ఇత్తడి పనికి ప్రసిద్ధమైన పెంబర్తి, పోతన జన్మస్థలంగా సంప్రదాయం చెప్పే బమ్మెర, సోమనాథుని పాలకుర్తి ఈ పరిసరంలోనివే. అందువల్ల ఈ వ్యాసం ఆ మూడు జిల్లాల భూమిని పటానికి నేపథ్యంగా తీసుకుంటుంది.

2. కడలి లేని నేలలో సముద్రాలు

సముద్రం అనే మాటకు ఈ ప్రాంతంలో రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి పురాణాలలోని సముద్రం. రెండోది చెరువు. కాకతీయుల కాలంలో పెద్ద చెరువులకు సముద్రమని పేరు పెట్టడం పరిపాటి. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు శాసనం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. గణపతిదేవుని సోదరి మైలమ తవ్వించిన ఆ చెరువుకు ధర్మకీర్తిసముద్రమని పేరు. కాకతీయ వంశక్రమాన్ని చెప్పే ఆధారంగా చరిత్రకారులు ఆ శాసనాన్ని ఎక్కువగా ఉదహరిస్తారు. సాహిత్య విద్యార్థికి అందులోని చెరువు పేరు కూడా అంతే విలువైనది. భూపాలపల్లి జిల్లాలోని గణపురం దగ్గర ఉన్న చెరువు గణపసముద్రం. పాలకుని పేరూ సముద్రమనే మాటా కలిసి ఊరి నోట నిలిచిపోయిన పేరు ఇది.

ఈ నామకరణాన్ని కేవలం అతిశయోక్తిగా తీసిపారేయలేం. వర్షంపై ఆధారపడిన దక్కను పీఠభూమిలో కట్ట వెనుక నిలిచిన నీరే పంట, పశువు, ప్రాణం. ఆ నీటికి అంచు ఉంది, అందులో తామరలున్నాయి, చేపలున్నాయి, తాబేళ్లున్నాయి. ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు కనిపిస్తుంది. అంటే ఇక్కడి మనిషి కళ్లకు అలవాటైన సముద్రం అంచులు గల సముద్రం. తీరవాసి చూసే సముద్రానికి ఆకాశంతో కలిసే గీత ఒక్కటే అంచు. ఈ భేదం చిత్రంలోకి ఎలా వచ్చిందో ముందు ముందు చూద్దాం.

సాహిత్యంలోనూ ఇటువంటి అనుభవమే కనిపిస్తుంది. ఆంధ్ర మహాభాగవతం అష్టమ స్కంధంలో గజేంద్రుడు దిగిన సరోవరమూ, దేవదానవులు చిలికిన క్షీరసాగరమూ ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఒకటి అడవిలోని కొలను, మరొకటి పాలకడలి. బమ్మెర వంటి ఊరి పాఠకునికి మొదటిది పరిచితం, రెండోది ఊహ్యం. పరిచితమైన జలం మీదుగా ఊహ్యమైన జలానికి సాగే ఈ ప్రయాణాన్నే పటచిత్రకారుడు కూడా తన పద్ధతిలో చేశాడు.

3. మార్కండేయ పురాణంలో పాలకడలి

మార్కండేయ పురాణమనే పేరు వినగానే సాహిత్య విద్యార్థులకు గుర్తువచ్చేది ప్రతాపరుద్రుని కాలంలో మారన రచించి నాగయ గన్నసేనానికి అంకితమిచ్చిన కావ్యం. కూనపులివారి మార్కండేయ పురాణం పేరులో మాత్రమే దానితో సమానం. ఇది పద్మశాలీల పుట్టుకను, వృత్తిని, దేవతలతో వారి బంధాన్ని చెప్పే కులపురాణం. మార్కండేయుడు చేసిన యజ్ఞం నుంచి భావనారుషి ఉద్భవించడం, విష్ణునాభి నుంచి పుట్టిన తామర నుంచి నూలు లభించడం, ఆ నూలుతో దేవతలకు వస్త్రాలు నేయడం, సూర్యుని కుమార్తె భద్రావతితో వివాహం, పులివాహనం, కాలవాసుర సంహారం ఇందులోని ప్రధాన ఘట్టాలు. కాలవాసురుని దేహం నుంచి నేతపనికి కావలసిన రంగులు లభించాయని కథ చెబుతుంది.

ఈ ఘట్టాలను వరుసగా చూస్తే ఒక అంతర్నిర్మాణం బయటపడుతుంది. నూలుకు మూలం నీరు: పాలకడలిపై శయనించిన విష్ణువు, అతని నాభి నుంచి తామర, తామరతూడు నుంచి దారం. వెలుగు కోడలిగా వచ్చింది: భద్రావతి సూర్యపుత్రిక. రంగు యుద్ధఫలం: అసురదేహం నుంచి రాబట్టినది. నేతగాని వృత్తికి అవసరమైన నూలు, పగటివెలుతురు, అద్దకపు రంగు అనే మూడింటికీ కథ మూడు జన్మస్థానాలను చూపింది. వెలుగు, రంగు అనేవి ఈ పురాణంలో వర్ణనాంశాలు కావు. అవి కథాపాత్రలకు సంబంధించిన విషయాలు. ఈ దృష్టి లేకుండా పటంలోని వర్ణవిన్యాసాన్ని వివరించబోతే అది అలంకార చర్చగా మిగిలిపోతుంది.

పాలకడలి దృశ్యం ఈ వరుసలో మొదటి కొసన ఉంది. విష్ణువు శేషశయనంపై ఉన్న ఆ అర వల్ల శ్రోతకు కలగవలసిన భావం భీతి కాదు, వైశాల్యపు విస్మయమూ కాదు. తన మగ్గం మీది పోగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినప్పటి ఆత్మీయత. సముద్రం ఇక్కడ పుట్టినిల్లు.

4. రంగుల పుట్టుక

నకాషీ పటం తయారీ విధానం పలువురు వివరించినదే అయినా మన ప్రశ్నకు సంబంధించిన మేరకు గుర్తుచేసుకోవాలి. ముతక నూలుబట్టకు బియ్యపు గంజి, సుద్ద, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు కలిపిన పూతను పలుమార్లు పూసి ఆరబెడతారు. సుమారు 3 అడుగుల వెడల్పు గల ఆ బట్ట పొడవు కథను బట్టి 30 అడుగులు దాటి పోవచ్చు. దానిని అడ్డంగా అరలుగా విభజించి, అరకూ అరకూ మధ్య పూలతీగల అంచు వేస్తారు. ఉడుత వెంట్రుకల కుంచెతో రేఖ గీసి, బొమ్మల చుట్టూ మిగిలిన జాగాను ఎరుపుతో నింపుతారు. ఆ ఎర్రని నేపథ్యమే ఈ శైలికి గుర్తుగా నిలిచింది.

సంప్రదాయ వర్ణద్రవ్యాలు స్థానిక పరిజ్ఞానానికి చెందినవి. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలానికి నీలిమందు, నలుపుకు దీపపు మసి, తెలుపుకు శంఖాలు నూరిన పొడి. ఈ జాబితాలో చివరి రెండూ ఆలోచింపజేస్తాయి. శంఖం సముద్రజీవి. అది ఏ తీరం నుంచి ఏ అంగడి మీదుగా వచ్చినా, పటం మీద నిజంగా సముద్రం నుంచి వచ్చిన పదార్థం తెలుపు ఒక్కటే. విష్ణువు చేతిలోని శంఖానికి, దేవతల కన్నుల తెల్లదనానికి అదే రంగు వాడినప్పుడు సముద్రం తన పొడి రూపంలో పటమంతా వ్యాపించినట్లయింది. అలాగే నలుపు దీపం నుంచి పుట్టింది. పటాన్ని చూపించే దీపమే పటంలోని రేఖకు కావలసిన మసిని ఇచ్చింది. చిత్రకారుడు దీనిని ప్రతీకగా భావించాడని చెప్పడానికి ఆధారం అవసరం. ద్రవ్యాల మూలం మాత్రం వాస్తవం. చిత్రం ఏ వస్తువులతో తయారైందో ఆ వస్తువుల చరిత్ర కూడా చిత్రచరిత్రలో భాగమే.

నీలం విషయం వేరు. నీలిమందు ఈ దేశపు పంట, సాలెవాడల్లో నిత్యం వాడే అద్దకపు ద్రవ్యం. బట్టకు పట్టే నీలమే పటంలో నీటికీ, విష్ణువు మేనికీ పట్టింది. పద్మశాలి శ్రోత పటంలోని నీటిని చూసినప్పుడు తన వృత్తిలోని నీలాన్నే చూశాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఈ రంగుల ప్రపంచం మారడం మొదలైంది. 1820ల చివర ఐరోపాలో కృత్రిమ లాజవర్దం తయారైంది. 1897లో జర్మనీ కర్మాగారాల కృత్రిమ నీలిమందు విపణిలోకి వచ్చి భారతీయ నీలి సాగును దెబ్బతీసింది. చిత్రకారుల పెట్టెల్లోకి క్రమంగా కొనుక్కున్న పొడిరంగులు ప్రవేశించాయి. నేడు చేర్యాలలో నీళ్లలో కలిపే తయారీరంగుల వాడకం సాధారణం. కాబట్టి ఈనాటి పటం చూసి పాత పటపు వర్ణప్రభావాన్ని నేరుగా ఊహించడం సరికాదు.

5. వెలుగు ఎక్కడ ఉంది: మూడు సముద్రాలు

పటంలోని సముద్రపు ప్రత్యేకత తెలియడానికి అదే శతాబ్దపు మరో సముద్రచిత్రం పక్కన దాన్ని నిలపడం ఉపయోగకరం. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ 1839లో లండన్‌లోని రాయల్ అకాడమీలో ప్రదర్శించిన టెమరేర్ నౌకాచిత్రం ప్రపంచ ప్రసిద్ధం. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొన్న ఆ నౌకను 1838లో విరగగొట్టడానికి లాక్కుపోతున్న సందర్భం అందులోని వస్తువు. నల్లని చిన్న ఆవిరిపడవ ముందు, వెలిసిన వెన్నెలలాంటి తెల్లని పెద్ద నౌక వెనుక. కుడివైపు నీటి అంచున అస్తమిస్తున్న సూర్యుడు, ఎడమవైపు పైన సన్నని చంద్రుడు. పసుపు, కాషాయం, ఎరుపు ఆకాశమంతా వ్యాపించి నీటిలో ప్రతిఫలిస్తాయి. ఒక యుగం ముగిసిందన్న దిగులును ఆ చిత్రంలో పలికించినది ప్రధానంగా వెలుగే. చిత్రాన్ని గోడకు తగిలించినా, ఎవరూ దాని కథ చెప్పకున్నా, సూర్యాస్తమయం దాని లోపలే ఉంటుంది.

రెండో సముద్రం మన పురాణానికి చెందినదే. సేతుబంధనానికి ముందు దారి ఇవ్వని సముద్రునిపై రాముడు విల్లెక్కుపెట్టిన ఘట్టాన్ని రాజా రవివర్మ తైలవర్ణాలలో చిత్రించాడు. మైసూరు జగన్మోహన ప్యాలెస్ సేకరణలోని ఆ చిత్రంలో కారుమబ్బుల ఆకాశం, ఎగసే అలలు, రాతిపై నిలిచిన రాముడు, అలల మధ్య నుంచి పైకి వచ్చిన వరుణుడు ఉన్నారు. వస్తువు రామాయణం. వెలుగు మాత్రం ఐరోపా తైలచిత్ర సంప్రదాయం నేర్పినది. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం స్థాపించాక ఇటువంటి దేవతాచిత్రాలు అచ్చుప్రతులుగా ఇంటింటికీ చేరాయి. నిజాం రాజ్యపు రైలుమార్గం 1886లో వరంగల్ వరకు, 1889లో బెజవాడ వరకు సాగింది. జనగామ, మహబూబాబాద్ స్టేషన్లు ఆ మార్గం మీదివే. తీరాన్నీ తెలంగాణనూ కలిపిన ఆ పట్టాల కాలమే అచ్చుబొమ్మ ఊళ్లలోకి ప్రవేశించిన కాలం కూడా. దేవుని ముఖంపై ఒక పక్క వెలుగు, మరో పక్క నీడ ఉండాలన్న కొత్త అలవాటు కంటికి అప్పుడే మొదలైంది.

మూడోది పటంలోని పాలకడలి. దీనికి దిగంతం లేదు. నీరు ఒక అరలో నిండుగా, అంచుల మధ్య, లయబద్ధమైన గీతలతో ఉంటుంది. చేప, తాబేలు, తామర దానిని నీరని చెబుతాయి. నీటికి మీద ఆకాశం ఉండవలసిన చోట ఎరుపు ఉంటుంది. ఏ బొమ్మకూ నీడ పడదు. అంచులు గల ఈ నీటిలో గణపసముద్రపు, ధర్మకీర్తిసముద్రపు చూపు స్పష్టం. తామరలు ఉప్పునీటిలో పూయవు, చెరువులో పూస్తాయి. చిత్రకారుడు కడలిని తన నేల తెలిసిన జలంగా అనువదించాడు.

దీనిని స్థానిక అమాయకత్వంగా భావించకూడదు. విష్ణుధర్మోత్తర పురాణం తృతీయ ఖండంలోని చిత్రసూత్రం జలాన్ని లెక్కలేనన్ని చేపలతో, తాబేళ్లతో, తామరలతో చూపమని చెబుతుంది. వెలుగు విషయంలో ఆ గ్రంథం చెప్పేది ఇంకా విలువైనది. వెన్నెలను వికసించిన కలువలతో సూచించాలి. ఎండను తాపానికి అలసిన ప్రాణులతో సూచించాలి. రాత్రిని చంద్రతారకలతోపాటు నిద్రించే మనుషులతో, సంచరించే దొంగలతో తెలపాలి. అంటే ఈ సంప్రదాయంలో వెలుగును కాంతిగా చిత్రించనక్కరలేదు. అది లోకంపై చూపిన ఫలితాన్ని చిత్రిస్తే చాలు. నకాషీ చిత్రకారులు ఆ సంస్కృత గ్రంథాన్ని చదివారని ఈ వ్యాసం వాదించడం లేదు. ఒకే దృష్టి శాస్త్రంలో సూత్రంగానూ, వృత్తిలో అలవాటుగానూ కొనసాగిందని మాత్రం చెప్పవచ్చు.

6. రాత్రి, దీపం, గొంతు

పటాన్ని మ్యూజియంలో అద్దం వెనుక చూసేవారికి ఒక ముఖ్య విషయం కనిపించదు. ఇది రాత్రి చూడడానికి చేసిన చిత్రం. కులపురాణ కథనం తరచుగా రాత్రివేళ, కొన్ని సందర్భాల్లో అనేక రాత్రులు సాగేది. పటాన్ని ఎత్తున కట్టి, చుట్టను విప్పుతూ, కర్రతో బొమ్మను చూపుతూ కథకుడు పాడతాడు, వచనం చెబుతాడు, వంతలు అందుకుంటారు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ దృశ్యానికి వెలుగు నూనెదీపం లేదా దివిటీ.

నూనెదీపపు కాంతిలో పసుపు, ఎరుపు కిరణాలు అధికం, నీలి కిరణాలు స్వల్పం. ఆ వెలుగులో ఇంగిలీకపు ఎరుపు రగులుతుంది. హరిదళపు పసుపు తెలుపుకు దగ్గరవుతుంది. శంఖపుపొడి తెలుపు బంగారు ఛాయ పొందుతుంది. నీలిమందు నీలం మాత్రం ముదిరి నలుపు వైపు జారుతుంది. ఇప్పుడు పాలకడలి అరను ఈ వెలుగులో ఊహించాలి. పగటిపూట నీలంగా, చదునుగా కనిపించిన నీరు చీకటిగా లోతెక్కుతుంది. దాని మీద తెల్లని గీతలు, చేపల కళ్లు, తామర రేకులు తేలివస్తాయి. దీపం కదిలినప్పుడు ఆ తెలుపులు కదిలినట్లు తోస్తాయి. చుట్టూ ఉన్న ఎరుపు దీపపు వెలుగుతో కలిసిపోయి, చిత్రం ఎక్కడ ముగిసి రాత్రి ఎక్కడ మొదలైందో తెలియకుండా పోతుంది.

ఈ వర్ణన ద్రవ్యాల, దీపకాంతి స్వభావాల ఆధారంగా చేసిన అనుమానం. అయినా దీని వల్ల ఒక నిర్ణయానికి రావచ్చు. టర్నర్ సూర్యుణ్ణి చిత్రం లోపల పెట్టాడు. నకాషీ చిత్రకారుడు సూర్యుణ్ణి చిత్రం బయట, దీపం రూపంలో, కథకుని పక్కన వదిలాడు. నీడ వేయకపోవడం ఆ దీపానికి చోటు ఇవ్వడమే. చిత్రంలో ముందే ఒక వైపు వెలుగు నిర్ణయమైపోతే, కదిలే దీపపు వెలుగుతో దానికి పొంతన కుదరదు.

గొంతు కూడా ఇందులో భాగం. ఒకే అర ముందు కథకుడు ఎంతసేపు నిలిచాడు, ఏ ఘట్టంలో రాగం తీశాడు, ఎక్కడ వచనానికి దిగాడు అన్నవి ఆ అర ఎంత పెద్దదిగా అనిపించాలో నిర్ణయిస్తాయి. పటంలోని సముద్రం వైశాల్యాన్ని అంగుళాలలో కొలవడం తప్పు. పాడినంత మేరా అది విస్తరిస్తుంది.

7. ఎరుపు, రసం

నాట్యశాస్త్రం రసాలకు వర్ణాలను చెప్పింది. శృంగారానికి శ్యామం, హాస్యానికి తెలుపు, కరుణకు కపోతవర్ణం, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. ఈ పట్టికను పటానికి నేరుగా వర్తింపజేయాలన్న ఆకర్షణ సాహిత్య విద్యార్థికి సహజం. కానీ అలా చేస్తే పటమంతా రౌద్రమవుతుంది. భావనారుషి వివాహమూ ఎరుపులోనే జరుగుతుంది, కాలవాసుర వధా ఎరుపులోనే. విష్ణునిద్రకూ అదే నేపథ్యం. నీలం బీభత్సమైతే పాలకడలి ఏమవుతుంది?

కాబట్టి పటంలోని ఎరుపును స్థాయీభావపు సూచికగా కాక శ్రుతిగా అర్థం చేసుకోవడం ఉచితం. తంబురా శ్రుతి ఏ రాగానికైనా ఆధారంగా మోగుతున్నట్లు, ఎరుపు ఏ ఘట్టానికైనా వెనుక నిలుస్తుంది. రసభేదం దాని మీద బొమ్మల మేనిరంగు, భంగిమ, అరలో బొమ్మల రద్దీ, కథకుని గొంతు కలిసి సాధించేది. యుద్ధపు అరలో ఆకారాలు ఒకదానిపై ఒకటి ఒరుసుకుంటే ఎరుపు చిన్న ముక్కలుగా తెగి ఉద్రిక్తతనిస్తుంది. శేషశయనపు అరలో ఒకే దీర్ఘమైన ఆకారం, కింద నిండైన నీరు ఉంటే అదే ఎరుపు విశాలంగా, నిశ్చలంగా నిలుస్తుంది. రంగు మారదు, దాని వైశాల్యం మారుతుంది. భావం ఆ మార్పులో ఉంది.

భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్టలపై ఆదిమానవులు వేసిన ఎర్రని జంతుచిత్రాలున్నాయి. ఆ ఎరుపుకూ ఈ ఎరుపుకూ అవిచ్ఛిన్న వారసత్వం కల్పించడం చరిత్ర కాదు. అయితే ఈ నేలలో బొమ్మకూ ఎరుపుకూ ఉన్న సంబంధాన్ని ఒక్క శైలి ముద్రగా, అలంకారంగా కుదించలేమని ఆ గుట్టలు గుర్తుచేస్తాయి.

8. నీటికి అప్పగించిన పటాలు

పందొమ్మిదో శతాబ్దపు పటాలు అరుదుగా దొరకడానికి బట్ట చివుకడం, చెదలు, తడి కొంత కారణం. అంతకన్నా ముఖ్యమైన కారణం ఆచారంలో ఉంది. వాడి వాడి జీర్ణమైన పటాన్ని కథకులు పారవేయరు. మనిషికి చేసినట్లే విధి జరిపి నదిలో కలుపుతారు. కొత్త పటం వేయించుకుంటారు. పాతది నీటిపాలవుతుంది. గోదావరీ ప్రాణహితల సంగమమైన కాళేశ్వరం గల ఈ ప్రాంతంలో నదిలో కలపడమంటే ఏమిటో వేరుగా వివరించనక్కరలేదు.

ఈ ఆచారం పరిశోధకుణ్ణి ఇబ్బందిలో పడేస్తుంది. మన మ్యూజియంలలో నిలిచిన పాత పటాలు ఏవో కారణాల వల్ల తమ గతిని పొందకుండా అమ్ముడైనవి లేదా సేకరించబడినవి. సంప్రదాయం దృష్టిలో సార్థకంగా బతికి ముగిసిన పటాలు మనకు ఎన్నటికీ కనిపించవు. పాలకడలితో మొదలైన నూలు కథను మోసిన బట్ట చివరికి నీటిలోనే కలుస్తుంది. కళాచరిత్రకు ఇది నష్టం. కథకుల సమాజానికి ఇది పూర్తి. ఈ రెండింటిలో ఒకటే నిజమని తేల్చడం పరిశోధకుని పని కాదు. తన వద్దనున్న ఆధారాలు ఎటువంటి ఎంపిక నుంచి మిగిలాయో గుర్తుంచుకోవడం మాత్రం తప్పనిసరి.

ఇప్పటి పరిస్థితి మరో రకమైనది. నకాషీ కుటుంబాలు కొద్ది. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక్క ఘట్టాన్ని చిన్న చట్రంలో వేసి అమ్మడం ఆ కుటుంబాలకు బతుకుదెరువు అయింది. క్షీరసాగర మథనం అటువంటి చట్రంలో పగటి వెలుగులో, విద్యుద్దీపపు తెల్లని కాంతిలో గోడకు వేలాడుతుంది. ముందు అర లేదు, తరువాత అర లేదు, గొంతు లేదు. కళాకారుల జీవనానికి అవసరమైన ఈ మార్పును తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ ఆ చిత్రాన్ని చూసి పటపు కళ ఇంతేనని భావిస్తే పొరపాటు చేసిన వారమవుతాం.

9. ముగింపు

చదునుగా ఉంది, నీడ లేదు, లోతు లేదు అనే మాటలు నకాషీ పటాల గురించి తరచుగా వినబడతాయి. తైలవర్ణ చిత్రం తనలోనే వెలుగును ఇముడ్చుకోవాలన్న నియమం పందొమ్మిదో శతాబ్దంలో మనకు పరిచయమై క్రమంగా ప్రమాణంగా స్థిరపడింది. ఆ ప్రమాణానికి ముందు నుంచీ ఉన్న పటం వేరే ఒప్పందంపై నడిచింది. రేఖ చిత్రకారునిది, వెలుగు దీపానిది, కాలం గొంతుది, సముద్రం చెరువుది. ఈ నాలుగూ ఒక రాత్రి ఒకచోట చేరినప్పుడే పాలకడలి పాలకడలి అయింది.

దీని నుంచి తెలుగు శాఖలు గ్రహించవలసిన ఆచరణాత్మక విషయం ఒకటుంది. కులపురాణ పాఠాన్ని ప్రచురించేటప్పుడు ప్రతి ఘట్టానికీ ఎదురుగా దాని అరను, కథకుడు అక్కడ ఆగిన వ్యవధిని, పాట నుంచి వచనానికి మారిన చోటును నమోదు చేయాలి. కథ చెప్పగలవారు ఉన్నంతలోనే, సాధ్యమైన చోట రాత్రివేళ నూనెదీపపు వెలుగులో ఒక ప్రదర్శనను పూర్తిగా చిత్రీకరించాలి. పటాన్ని కాపాడే బాధ్యత మ్యూజియంలు కొంత తీసుకున్నాయి. పటం ముందు వెలిగిన దీపాన్నీ, పలికిన గొంతునూ కాపాడడం సాహిత్య విద్యార్థుల బాధ్యత. బట్ట జీర్ణించి నీటిలో కలిసిపోవడాన్ని సంప్రదాయం అంగీకరించింది, ఎందుకంటే కథ కొత్త పటం మీదికి ఎక్కుతుందన్న నమ్మకం దానికి ఉంది. ఆ నమ్మకానికి ఆధారమైన గొంతు ఆగిపోతే, మిగిలిన పటంలో ఎరుపు ఉంటుంది, నీలం ఉంటుంది, కడలి ఉండదు.